మోరో దీవి నవల పూర్తిగా చదివినవారి అభిప్రాయం కావాలి

నమస్కారం. నల్లగొండలో మేము అయిదారుగురం నెలకొక నవల చదివి, ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని చర్చించుకుంటాం. ఈసారి హెచ్.జి. వెల్స్ రాయగా 1896లో వెలువడిన ‘ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో’ను నేనే సూచించాను. ఓడ ప్రమాదం నుంచి బయటపడిన ప్రెండిక్ ఒక దీవికి చేరడం, జంతువులను సజీవంగా కోసి మనిషి రూపంలోకి మలిచే వైద్యుడు అక్కడ ఉండడం మొదట మంచి సాహసకథలాగే అనిపించినా, పక్కగదిలోని ప్యూమా (చిరుతలాంటి అడవి జంతువు) అరుపులు భరించలేక అతడు బయటికి వెళ్లిపోయే ఘట్టం దగ్గర నేనూ పుస్తకం మూసేశాను. (రాత్రిపూట చదవడం నా తప్పే.)

ఆ మృగమానవులు గుంపుగా వల్లించే ‘ధర్మశాస్త్రం’ మతంపై వ్యంగ్యమా, లేక వలస పాలనపైనా? మా బృందంలో ఇంటర్ చదివే అమ్మాయి కూడా ఉంది కాబట్టి, ఈ క్రూరత్వం చివరిదాకా ఇలాగే సాగుతుందా, ఆలోచనకు చోటిస్తుందా అన్నది, ముగింపు బయటపెట్టకుండా చెప్పగలరా?