సాగర్ రోడ్డు మీద "దొర గడి" రిసార్ట్: పదేళ్ల తర్వాత చూడబుద్ధి అవుతుందా?

సాగర్‌రోడ్డు:
మా బావమరిది ఇంకో ముగ్గురితో కలిసి సాగర్ పోయే రోడ్డు మీద ఐదెకరాల్లో రిసార్ట్ కడుతున్నాడు, థీమ్ "దొర గడి" అంట, అంటే పాతకాలంలో ఊరి దొర ఉండే కోట లాంటి ఇల్లు. నిన్న రాత్రి త్రీడీ బొమ్మలు వాట్సాప్‌లో పంపి ఎట్లుంది బావా అన్నాడు. పెద్ద దర్వాజా, రెండు పక్కల బురుజులు, ముందర రెండు సిమెంటు ఏనుగులు, వాటి తొండాల్లోంచి నీళ్లు. హాల్లో గొలుసుల ఉయ్యాల. వచ్చినవాళ్లకు తలపాగా చుట్టుకున్న పిల్లలు వంగి దండం పెట్టి మజ్జిగ ఇస్తారు. పెద్ద రూములకు దొరవారి గది, దొరసాని గది అని పేర్లు, వెనక తక్కువ రేటు డార్మిటరీకి "జీతగాళ్ల కొట్టం". బాగుందిరా అని మెసేజ్ పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. ఈ డిజైన్ నాలుగు కాలాలు నిలబడుతుందా, లేక నవ్వులపాలవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, బ్యాంకు లోన్‌కు షూరిటీ సంతకం నాది కూడా ఉంది.

పాలమూరు మేస్త్రీ:
అన్నా, థీమ్ సంగతి నాకు తెల్వదు, ఏనుగుల సంగతి చెప్తా. ఇట్లాంటి బొమ్మలు నేను చానా కట్టిన. లోపల రాడ్డు, దాని మీద కోడి జాలి, పైన అంగుళం కూడా లేని ప్లాస్టరింగ్. మన దిక్కు బోరు నీళ్లతోనే సిమెంటు కలుపుతారు, ఆ నీళ్లలో ఉప్పు ఉంటే రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, మూడు నాలుగేళ్లకు ఏనుగు కడుపు కింద సన్నగా పగులు వచ్చి దాంట్లోంచి ఎర్రటి చార కారుతుంది, చూసేటోళ్లకు దెబ్బ తగిలి నెత్తురు కారినట్టే ఉంటది. ఇక తొండంలో నీళ్లు అంటే అసలే వద్దు. ఒక రిసార్ట్‌లో మూడో ఎండాకాలానికే నన్ను పిలిచిన్రు, తొండం చివర తెల్లటి సున్నపు పెచ్చు కట్టి మూసుకపోయింది. యాసిడ్‌తో కడిగితే పెచ్చు పోయింది, దాంతోటి పెయింటు కూడా పోయింది. మళ్లీ పెయింటు వేసిన్రు, మళ్లీ పెచ్చు.

అసలు గడులు డంగు సున్నంతో, రాయితో కట్టినవి. వానకు నల్లబడితే ఇంకా అందంగా కనపడతాయి. వనపర్తి రాజమహల్ చూడు, అందులో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది, పిల్లలు బ్యాగులు వేసుకుని తిరుగుతున్నా దాని దర్జా దానికే ఉంది. ఫైబర్ బురుజు మాత్రం మన ఎండకు రంగు వెలిసి, చేత్తో తుడిస్తే సుద్దపొడి అంటుకుంటది.

లెక్కల మనిషి:
మేస్త్రీ చెప్పింది నిజమే గానీ మీరంతా తప్పు ప్రశ్న పట్టుకున్నారు. రిసార్ట్ గుడి కాదు, వెయ్యేళ్లు ఉండాల్సిన పని లేదు. లోన్ తీరేదాకా పెళ్లిళ్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు, రీల్స్ నడిస్తే చాలు, ఆ తర్వాత థీమ్ మార్చుకోవచ్చు. లాస్ వేగస్‌లో ట్రెజర్ ఐలాండ్ 1993లో సముద్రపు దొంగల థీమ్‌తో పెట్టి 2003లో వాళ్లే చాలావరకు తీసేశారు. లక్సార్ కూడా 1993దే, ఈజిప్టు థీమ్, 2007 తర్వాత లోపలి ఈజిప్టు సామానంతా చాలావరకు పీకేశారు. కొత్తదనం అమ్ముడుపోతుంది, పాతబడ్డాక మార్చుకుంటారు, ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

సాగర్‌రోడ్డు:
సార్, మరి లక్సార్ పిరమిడ్ ఆకారం ఏం చేశారు?

లెక్కల మనిషి:
అది అట్లనే ఉంది. పిరమిడ్‌ను పీకలేరు కదా. ఒప్పుకుంటా, అక్కడ మీ మాటే పైచేయి. బురుజులు సిమెంటుతో కాకుండా విప్పే ఫ్రేమ్ మీద పెట్టించండి.

దేవరకొండ టీచరమ్మ:
ఇంతసేపు పెయింటు, తుప్పు అంటున్నారు గానీ ఆ బోర్డు ఎవరికీ కనపడలేదా? "జీతగాళ్ల కొట్టం" అంట! మా తాత దొర దగ్గర జీతం ఉన్నాడు, ఏడాదంతా చాకిరీకి ఇన్ని జొన్నలు అని. దొర ఎదురొస్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడట. 1946 జూలై 4న కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు, కడవెండి అప్పుడు మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో ఇప్పుడు డబ్బు కట్టి దొరగా ఒక రాత్రి పడుకోవచ్చన్నమాట. ఇది పదేళ్లకు పాతబడేది కాదు, కట్టకముందే కుళ్లిన డిజైన్.

లెక్కల మనిషి:
మేడం, మీ బాధ అర్థమైంది. కానీ రాజస్థాన్ పోయి రాజుల కోటల్లో రూములు తీసుకుంటున్నది మనమే కదా, అక్కడ రైతులు పన్నులు కట్టలేదా, వెట్టి చేయలేదా? అక్కడ హెరిటేజ్, ఇక్కడ పాపమా?

దేవరకొండ టీచరమ్మ:
మంచి ప్రశ్నే. నేను కూడా పోయాను, ఫొటోలు కూడా దిగాను. కానీ అవి నిజంగా ఉన్న కోటలు, కూల్చలేం కాబట్టి వాడుకుంటున్నారు. ఇక్కడ లేని గడిని కొత్తగా కడుతున్నారు. ఇంకోటి ఆలోచించండి, రూము తీసుకునేవాళ్లు హైదరాబాద్ నుంచి వస్తారు, తలపాగా చుట్టుకుని వంగి దండం పెట్టేది మాత్రం పక్క ఊరి పిల్లలే. వాళ్లలో నా స్టూడెంట్ ఒకడుంటే నేను ఆ మజ్జిగ ఎట్లా తాగాలి?

నల్లగొండ టు డల్లాస్:
అక్కా, దీనికి అచ్చం ఇట్లాంటి కథే ఫ్లోరిడాలో ఉంది. డిస్నీవాళ్లు 1992లో డిక్సీ లాండింగ్స్ అని ఒక రిసార్ట్ పెట్టారు. డిక్సీ అంటే అమెరికా దక్షిణాది, బానిసలతో పత్తి తోటలు నడిపిన ప్రాంతం. రిసార్ట్‌లో ఒక భాగం ఆ తోటల యజమానుల మేడల్లా తెల్లటి స్తంభాలతో ఉంటుంది. 2001లో పేరు మార్చి పోర్ట్ ఓర్లీన్స్ రివర్‌సైడ్ అన్నారు. డిక్సీ పోయింది, మేడలు అక్కడే ఉన్నాయి. పిల్లలతో పోయి ఉన్నాం, చెట్లు, నది, అంతా చక్కగా ఉంది, కానీ నాకు ఆ స్తంభాల దగ్గర నిలబడితే మా ఊరి గడి గుర్తొచ్చింది, ఎందుకో మా ఆవిడకు చెప్పలేకపోయాను.

అదే డిస్నీలో 1971 నాటి కాంటెంపరరీ హోటల్ ఉంది. లోపల మేరీ బ్లెయిర్ గీసిన తొంభై అడుగుల టైల్స్ గోడ, దాని మీద ఐదు కాళ్ల మేక ఒకటి. యాభై ఏళ్లు దాటినా జనం మెడలెత్తి ఆ మేకను వెతుకుతూనే ఉన్నారు, మా చిన్నోడు కూడా అరగంట వెతికాడు. మనిషి చేత్తో చేసినది ఒక్కటుంటే చాలు అన్నా, మిగతా హోటల్ పాతబడినా అదొక్కటి లాక్కొస్తుంది. గద్వాల మగ్గం పని, చేర్యాల బొమ్మలు, ఏదో ఒకటి గోడ మీద పెట్టించమను.

పాలమూరు మేస్త్రీ:
నేను ఇంకో మాట అంట. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరం ఉంది, లింగం మీద పగలంతా నీడ పడుతుంది. కట్టినోళ్లు వెలుతురునే సామాను లెక్క వాడుకున్నరు. రిసార్ట్‌కు కావాల్సింది కూడా నీడనే కదా, మన దగ్గర మే నెలలో ఏనుగును చూడటానికి ఎవడు బయట నిలబడతడు? లోతైన వరండా, నాలుగు వేప చెట్లు, కింద షాబాద్ బండలు. అరిగినా బండ బండనే.

సాగర్‌రోడ్డు:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ పొద్దున బావమరిదితో గంటసేపు మాట్లాడాను. వరండాకు ఒప్పుకున్నాడు, డబ్బులు మిగిలితే. "జీతగాళ్ల కొట్టం" బోర్డు తీసేసి "పల్లె డార్మిటరీ" అని పెడతాడట. టీచరమ్మ రాసింది చదివి వినిపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వంగి దండం మాత్రం ఉండాలి బావా, కస్టమర్లకు అదే కావాలి అన్నాడు. దాని మీద మా ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది, నా భార్య నా వైపే ఉంది, అదొక్కటే సంతోషం. ఏనుగులకు అడ్వాన్స్ ఇచ్చేశాడంట.

పాలమూరు మేస్త్రీ:
ఇచ్చినంక ఏం చేస్తం. పైపు వాల్వు బయట పెట్టించు అన్నా, లోపల పెడితే పెచ్చు గీకడానికి ఏనుగును పగలగొట్టాలె.