చాంబర్ పగిలింది: కొత్తది వేయించాలా, వెల్డింగ్ చాలా?

బైరాగిపట్టెడ కారు:
పోయిన ఆదివారం రాత్రి పీలేరు నుంచి తిరుపతికి వస్తూ, భాకరాపేట ఘాట్ దిగినాక ఎదురు లారీకి దారి ఇవ్వబోయి రోడ్డు అంచు దిగినాను. కింద టప్‌మని రాయి తగిలింది. ఏ లైటూ వెలగలేదు కాబట్టి ఇంటికి వచ్చేసినాం. పొద్దున మా ఆవిడ వాకిలి ఊడుస్తూ కేకేసింది. ముగ్గు వేసే చోట అరచేయంత నల్ల మరక. ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ తీస్తే కొసన తడి అంటుకుంది, అంతే.

కారుకు ఏడేళ్లు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ ప్యాన్‌ను మనం చాంబర్ అంటాం కదా, అది అల్యూమినియంది. షోరూమ్ ఎస్టిమేట్ ఇదీ: ప్యాన్ 6,800, ఆయిలూ ఫిల్టరూ 2,400, లేబర్ పన్నుతో 2,800. మొత్తం 12,000. మా వీధి మెకానిక్ ఆర్గాన్ వెల్డింగ్‌కు 1,500, విప్పి బిగించేందుకు 1,000 అన్నాడు. ఆయిల్ ఖర్చు ఎలాగూ ఉంటుంది. వెంట్రుకంత పగులుకు ఏడు వేల సామాను పారేయడం నాకు అన్యాయంగా ఉంది. మీరేమంటారు?

కొండ ట్యాక్సీ:
వెల్డింగే చేయించు సామీ. నా బండి చాంబర్ అతుకు వేసి రెండేళ్లయింది. వారానికి నాలుగుసార్లు కొండెక్కి దిగుతా ఉండాను, చుక్క కారలేదు. షోరూమోళ్లకు మార్చడమే తెలుసు, బాగుచేయడం మరిచిపోయినారు.

లేత్ మాస్టారు:
మీకు నిలిచింది, సంతోషం. నలభై ఏళ్లు లేత్ ముందు నిలబడినవాణ్ణి, నిలవనివి కూడా చూసినాను. అల్యూమినియం పోత సామాను ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చుకుని ఉంటుంది. పైపైన తుడిచి అతికితే లోపలి ఆయిల్ ఉడికి బుడగలొస్తాయి. అతుకు మెరుస్తూనే ఉంటుంది, సూది మొనంత బెజ్జాల్లోంచి ఊరుతూనే ఉంటుంది. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేయాలి, లేకుంటే అది ఇంకా పాకుతుంది. గాడి తీసి, బాగా కడిగి, వేడి చేసి అప్పుడు అతకాలి. 1,500కు ఇవన్నీ చేస్తాడా, అడగండి.

చేసినాక పరీక్ష ఒకటుంది. ప్యాన్ బయట సున్నం పూసి ఆరనివ్వండి. లోపల కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు తెల్లటి సున్నం మీద తడి గీత కనబడితే అతుకు దండగ. ఇంకోటి, అంచు వంగిందేమో మందపాటి అద్దం మీద బోర్లించి చూడండి. వెల్డింగ్ వేడికి అంచు వంకర పోతే ఎంత పేస్ట్ పూసినా కారుతుంది.

తిరుచానూరు తమ్ముడు:
ఇంత రామాయణం ఎందుకన్నా, ఎంసీల్ పెడితే పోదా?

కొండ ట్యాక్సీ:
ఎంసీల్ పెట్టి ఘాట్ ఎక్కితే గోవిందా అనాల్సిందే తమ్ముడూ. ఇంటి నుంచి షెడ్డుదాకా పోవడానికైతే సరే.

పాలసీ అక్క:
ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదేం? రాయి తగలడం ప్రమాదం కిందికే వస్తుంది. కానీ లెక్క చూడండి. ఐదేళ్లు దాటి పదేళ్ల లోపున్న కారు ఇనుప, అల్యూమినియం సామానుకు 40 శాతం తరుగుదల కోస్తారు. 6,800లో 4,080 మిగులుతుంది. లేబర్ 2,800 కలపండి. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000 తీసేయండి. చేతికి 5,880. ప్రత్యేకంగా డబ్బు కట్టి అదనపు కవర్ (యాడ్ ఆన్) తీసుకోకుంటే ఆయిల్‌కు పైసా రాదు.

ఇప్పుడు మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం అనుకుందాం. మన కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు 6,000 ఉంటే, క్లెయిమ్ చేసిన మరుసటి ఏడు బోనస్ సున్నా, ఆ తర్వాత 20, ఆపైన 25. మూడేళ్లలో 3,000, 1,800, 1,500, మొత్తం 6,300 ఎక్కువ కడతారు. వచ్చేది 5,880. మీ ఇష్టం.

పాకాల పిల్లోడు:
ప్యాన్ ధర గురించి కొట్టుకుంటున్నారు గానీ, అసలు ఖర్చు అది కాదు. మా నాన్న చాంబర్ పగిలినాక ఎర్ర లైటు వెలిగినా 'నాలుగు కిలోమీటర్లే గదా' అని నడిపినాడు. ఆ లైటు ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఒత్తిడి పోయిందని చెబుతుంది. వెలిగిన క్షణమే ఇంజన్ ఆపేయాలి. ఇంజన్ లోపల బేరింగులు కొట్టేసి, వాటిలో తిరిగే క్రాంక్ ఇరుసు గీతలు పడి 70 వేలు వదిలింది. పగిలినాక నడిపినందుకే ఇంజన్ పోయింది కాబట్టి మామూలు పాలసీలో రాదన్నారు. బండిని కట్టి లాక్కొచ్చి ఉంటే రెండు వేలతో పోయేది.

తిరుచానూరు తమ్ముడు:
చెన్నై పుదుపేటలో పాత ప్యాన్ దొరుకుతుంది. మా మామ 1,800కు తెచ్చినాడు.

లేత్ మాస్టారు:
తెస్తే డ్రెయిన్ బోల్టు మర చూసి తెండి. పాతవాటిలో ముందు పోయేది అదే. బలంగా బిగించడమే పనితనం అనుకునే వాళ్లున్నారు మన దగ్గర.

బైరాగిపట్టెడ కారు:
అందరికీ థ్యాంక్స్. నిన్న బండిని తాడు కట్టి షెడ్డుకు లాగించి, ప్యాన్ విప్పించినాను. పగులు కింద నుంచి డ్రెయిన్ బోల్టు దాకా పాకింది. అక్కడ అతికితే మర చెడుతుందని మెకానికే వద్దన్నాడు. తన వెల్డింగ్ బేరం తనే వదులుకున్నాడు, అందుకే నమ్మినాను. కొత్త ప్యాన్ 6,800కే తెచ్చి బయటే వేయించినాను. ఆయిలూ ఫిల్టరూ 2,200, లేబర్ 1,000. పది వేలయింది, క్లెయిమ్ చేయలేదు.

ఇంకో సంగతి. ఆయిల్ పీల్చే జాలీకి నల్లటి సిలికాన్ పేస్ట్ తీగలు చుట్టుకుని ఉన్నాయి. మూడేళ్ల కింద ఎవరో ప్యాన్ విప్పి, పేస్ట్ దండిగా పూసి బిగించినారు. లోపలికి పొంగింది ఊడి జాలీలో సగానికి అడ్డం పడింది. ఆ రాయి తగలకపోతే ఇది చూసేవాణ్ణి కాదు.

కొండ ట్యాక్సీ:
అయినా నేనైతే అతికించేవాణ్ణే. ఆ పాత ప్యాన్ పారేయొద్దు సామీ, రేపు పొద్దున వచ్చి తీసుకుంటా.