థర్మోస్టాట్ డైరెక్ట్ చేసి చూడటం సరైన పరీక్షేనా?

రాజాం_రోడ్డు: సింగిల్ డోర్ ఫ్రిజ్ కూల్ అవ్వట్లేదని పిలిస్తే మన రాజాం, చీపురుపల్లి వైపు కొందరు మెకానిక్‌లు ముందే థర్మోస్టాట్ (చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ని నడిపి ఆపే స్విచ్) వైర్లు రెండూ కలిపి డైరెక్ట్ చేసేస్తున్నారు. కంప్రెసర్ నడిచిందా, ఇక థర్మోస్టాట్ పోయిందని తేల్చేస్తారు. టేపు చుట్టి అలాగే వదిలేసేవాళ్లూ ఉన్నారు. దీన్ని పరీక్ష అనొచ్చా?

నరసన్నపేట_వైండింగ్: కంప్రెసర్ అసలు స్టార్ట్ అవ్వని ఫ్రిజ్‌కైతే అనొచ్చు. లోపల లైటు వెలుగుతోంది, నాబ్ 7 మీద పెట్టినా చప్పుడు లేదు. అప్పుడు ప్లగ్ పీకి, వైర్లు కలిపి, టేపు వేసి, మళ్లీ ప్లగ్ పెట్టగానే స్టార్ట్ అయితే థర్మోస్టాటే. దాని సన్న గొట్టంలో గ్యాస్ పోతే లోపలి బెల్లోస్ (గ్యాస్ ఒత్తిడికి సాగే ముడతల డబ్బీ) ముడుచుకుపోతుంది. ఫ్రీజర్ బాగా చల్లబడినట్టే లెక్క, కరెంటు కలిపే కాంటాక్ట్ ఇక కలవదు. ఐదు నిమిషాల్లో తేలేదానికి మీటరెందుకు?

టెక్కలి_మీటర్: కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ కూడా కూల్ అవ్వని ఫ్రిజ్‌కీ ఇదే చేస్తున్నారు కాబట్టి. అక్కడ కాంటాక్ట్ కలిసే ఉంది, డైరెక్ట్ చేస్తే కొత్తగా తేలేదేటి? గ్యాస్, డోర్ రబ్బరు, వెనక జాలీ దుమ్ము చూడాలి. పైగా కొన్నిటికి మూడు పిన్నులు, ఎర్త్ వైరు వేరే. ఫేజుని ఎర్త్‌కి కలిపితే ఢామ్మంటుంది.

ప్లగ్ పీకి, థర్మోస్టాట్ పిన్నుల నుంచి వైర్లు తీసి, మీటరు ఓమ్స్‌లో (నిరోధం కొలిచే సెట్టింగ్) పెట్టి చూడండి. గది వేడిలో నాబ్ మధ్యలో ఉంటే దాదాపు సున్నా రావాలి, నాబ్ 0కి తిప్పితే కాంటాక్ట్ తెరుచుకోవాలి. తర్వాత నాబ్ 1 మీద పెట్టి, గొట్టం కొసని మూడు వంతుల ఐసు, ఒక వంతు ఉప్పు కలిపిన గ్లాసులో ముంచండి. కాసేపటికి టిక్‌మని తెరుచుకుని, బయటికి తీసి చేత్తో పట్టుకుంటే మళ్లీ కలిస్తే పార్టు బాగున్నట్టే.

కింద అరలో కొత్తిమీర గడ్డకడుతుంటే నాబ్ 0కి తిప్పండి. అయినా కంప్రెసర్ ఆగలేదంటే కాంటాక్ట్ అతుక్కుపోయింది. ఆగిందంటే గొట్టం కొస ఫ్రీజర్ రేకు క్లిప్పులోంచి జారిందేమో చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి.

పాలకొండ_170: కంప్రెసర్ గుయ్‌మని, కొన్ని సెకన్లకి టక్‌మని ఆగి, కాసేపటికి మళ్లీ అదే వరసైతే థర్మోస్టాట్ జోలికే పోకండి. అది కరెంటు పంపిస్తోంది కాబట్టే గుయ్‌మంటోంది. ముందు వోల్టేజ్, తర్వాత రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసేది), ఓవర్‌లోడ్ (కరెంటు ఎక్కువైతే ఆపేది) చూడాలి. కళింగపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది, ఎమరీతో రుద్దితే ఒక్కోసారి పార్టు మార్చక్కర్లేదు.

నరసన్నపేట_వైండింగ్: గుయ్‌మనేదాని గురించి ఒప్పుకున్నాను. పార్టు దొరికేదాకా డైరెక్ట్ చేసి, స్విచ్‌తో గంట నడిపి అరగంట ఆపుకుంటే తప్పేటి? పాలైనా నిలుస్తాయి.

టెక్కలి_మీటర్: రాత్రి రెండింటికి లేచి ఆపేదెవరండీ? తెల్లార్లూ నడిచి అంతా గడ్డకడుతుంది. తడి తగిలే చోట మెలితిప్పిన జాయింటు, పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో మండే ఆర్600ఏ గ్యాసు, స్పార్క్ వస్తే ప్రమాదం. తప్పదంటే కంప్రెసర్ లోడు మోయగల టైమర్ ప్లగ్ పెట్టండి, అదీ రెండు మూడు రోజులకే.

పాలకొండ_170: డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీకి (ఐసు తనంతట తానే కరిగించుకునే రకం) ఇవేవీ పనికిరావు. చాలా మోడళ్లలో ఒక నాబ్ గాలి దారి తిప్పేదే. పైన ఐసు గట్టిగా ఉండి కింద వెచ్చగా ఉంటే ముందు ఐసు కరిగించే డీఫ్రాస్ట్ హీటరు, దాన్ని వేడిని బట్టి ఆపే బైమెటల్ స్విచ్ చూడాలి.

టెక్కలి_మీటర్: కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది నంబరూ, గొట్టం పొడవూ రెండూ కలవాలి. పాత గొట్టం పీకే ముందు ఎంత లోపలికి దూరిందో టేపుతో గుర్తు పెట్టండి. కొత్తది అంతే దూర్చాలి, ఎక్కడా మడత పడకూడదు.