నా కథ సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా?

నేను రాసిన కథలో ఒకామె నిద్రలో గతంలోకి వెళ్ళొస్తుంది. యంత్రం లేదు, మంత్రమూ లేదు. ఇది ఫాంటసీయే అని మా ఫ్రెండ్ తేల్చేశాడు. నాకేమో ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

1818లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను తొలి సైన్స్ ఫిక్షన్ నవల అని చాలామంది అంటారు. అందులో ప్రాణం పోసేది ప్రయోగం, దేవుడి వరం కాదు. అంటే కారణం సైన్స్‌లోంచి రావాలనే కదా? మరి కథల్లో కాంతికన్నా వేగంగా దూసుకెళ్ళే అంతరిక్ష ఓడల సంగతి? ఐన్‌స్టీన్ 1905 నాటి సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఏ ఓడా ఆ వేగాన్ని అందుకోలేదు. అయినా ఆ కథలను మామూలుగా ఫాంటసీ అనరు!

ఇంతకీ చూడాల్సింది సైన్స్ నిజమా కాదా అన్నదా, లేక ఊహించిన మార్పుకు కథ చివరిదాకా తర్కంతో కట్టుబడి ఉందా అన్నదా? నా కథలో ఆ నిద్రకు ఏదో ఒక కారణం చెప్తే సరిపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.