ఓర్లాండో పార్కుల్లో తిండి: అక్కడే కొనాలా, డబ్బా కట్టుకెళ్లాలా?

నీలిమ_ఆస్టిన్: వచ్చే నెల డిస్నీ వరల్డ్‌కి నాలుగు రోజులు వెళ్తున్నాం. బాబుకి ఆరేళ్లు, పల్లీలు, నువ్వులు పడవు. ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడిచే ఇంజెక్షన్) ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తున్నారు. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి తినరు, గుడ్డు తగిలిన గిన్నె ముట్టరు. మా ఆయనేమో "యాప్‌లో ఎలర్జీ మెనూ ఉంది, అక్కడే తిందాం" అంటారు. నాకు ధైర్యం చాలట్లేదు.

గోదారోడు: డబ్బా కట్టెయ్యండి. గాజు సీసాలు, వేడి చెయ్యాల్సినవి, ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కాకపోతే గేటు దగ్గర అభ్యంతరం లేదు. మేం మూడు రోజులూ పులిహోరతో లాగించాం.

ఉప్పుకారం: పులిహోరలో పల్లీలు. ప్రశ్న చదివారా సార్?

గోదారోడు: ఏరేస్తే సరి! అసలు రిఫైన్డ్ పల్లీ నూనెని అమెరికా చట్టమే ఎలర్జీ లేబుల్ నుంచి మినహాయించింది. జనానికి భయం ఎక్కువైంది.

నీలిమ_ఆస్టిన్: మినహాయించింది బాగా శుద్ధి చేసిన నూనెని. మా అత్తయ్యగారు ఊరి నుంచి తెచ్చేది గానుగ నూనె. అది వేరు.

గోదారోడు: నేను రిఫైన్డ్ గురించే అన్నాను.

రజిత_హైదరాబాద్: మీ డబ్బా లోపలికి రానిస్తారు, అదే పదివేలు. ఇక్కడ ఒక పార్కులో గేటు దగ్గరే మా డబ్బా తీయించేశారు. పాపకి పాలు పడవని డాక్టరు చీటీ చూపించినా వినలేదు. లోపల ఏ కూర చూసినా క్రీమో వెన్నో. అడిగితే "ప్యూర్ వెజ్ మేడమ్" అన్నాడు. పాలు వెజ్జే కదా నాయనా! పది చోట్ల శాఖలున్న హోటళ్లు ఎలర్జీ వివరం చెప్పాలని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ఉంది. ఒంటి కౌంటరుకి అది వర్తించదేమో, మా పాపకి పాలు మాత్రం వర్తిస్తాయి.

కీర్తి_న్యూజెర్సీ: నీలిమ గారూ, మా అమ్మాయికి జీడిపప్పు పడదు. కూర్చుని తినే రెస్టారెంట్లలో ముందే చెప్తే విడిగా మెనూ ఇచ్చారు, ఏది ఎందులో వేయిస్తారో అడిగితే విసుక్కోలేదు. పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు, ఆ మాట మెనూ మీదే ఉంటుంది. బన్నుల దగ్గర జాగ్రత్త. 2023 జనవరి నుంచి ఇక్కడ నువ్వుల్ని తొమ్మిదో ఎలర్జెన్‌గా (ఎలర్జీ తెచ్చే పదార్థంగా) లేబుల్ మీద రాయాలన్నారు కదా, నువ్వులు అంటకుండా యంత్రాలు శుభ్రం చేసే తలనొప్పి ఎందుకని కొన్ని బేకరీలు పిండిలోనే నువ్వులు కలిపేసి లేబుల్ మీద రాసేశాయి. ఇదేం తెలివో!

విశ్రాంత_మాస్టారు: మా చిన్నప్పుడు బడి దగ్గర అందరం పల్లీ ఉండలు తిన్నాం, ఒక్కడికీ ఏమీ కాలేదు. పిల్లాడికి విడిగా మెనూ ఇస్తారు సరే, ఉల్లి తినని పెద్దవాళ్లు రోజంతా ఏం తినాలి? ఫ్రెంచ్ ఫ్రైసా? అవీ చికెన్ వేగిన నూనెలో వేగలేదని నమ్మకమేంటి?

కీర్తి_న్యూజెర్సీ: మాస్టారూ, ఉల్లి పొరపాటున తింటే ప్రాయశ్చిత్తం ఉంటుంది. పల్లీ తింటే ఆసుపత్రి.

విశ్రాంత_మాస్టారు: అంటే మా నియమం ఆటా? నలభై ఏళ్లుగా పాటిస్తున్నాం.

గోదారోడు: ఇంతకీ రిఫైన్డ్ నూనె మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఉప్పుకారం: అయ్యా, ఆ నూనె మీరే తాగండి.

విశ్రాంత_మాస్టారు: అన్నీ పిల్లల చుట్టూ తిరగాల్సిందే, అంతేగా? కొడుకింటికి వెళ్లిన రోజే మా సూట్‌కేసు విప్పి పల్లీ పచ్చడి, నువ్వుల పొడి చెత్తబుట్టలో వేశారు. మనవడికి పడదట. మా ఆవిడ వారం రోజులు కష్టపడి చేసింది. ఎదురుగానే పారేశారు. ఒక మాట చెప్పొచ్చు కదా!

నీలిమ_ఆస్టిన్: మనవడికి పడదని మీకు ముందు తెలియదా మాస్టారూ?

విశ్రాంత_మాస్టారు: ఫోన్లో చెప్పారు. నమ్మలేదు. అంటే, ఇంత అనుకోలేదు.

నీలిమ_ఆస్టిన్: తప్పుగా అనుకోకండి. నేను డబ్బా గురించి అడిగాను గానీ నా భయం పార్కు వంటవాడి గురించి కాదు. వాడికి చెప్తే కనీసం రాసుకుంటాడు. "ఒక్క పలుకుకి ఏమవుతుందే" అంటూ, నేను టాయిలెట్‌కి వెళ్లినప్పుడు అత్తయ్యగారు ప్రేమగా బాబు నోట్లో పెడతారేమోనని భయం. అది ఇంట్లో ఎవరితోనూ అనలేను.

రజిత_హైదరాబాద్: మా ఇంట్లోనూ ఇదే. పాలు కొంచెం కొంచెం అలవాటు చేస్తే పోతుందంటుంది మా అమ్మ. సొంత అమ్మ!

విశ్రాంత_మాస్టారు: మావాడికి ఒకసారి మొహం వాచింది. నేను పక్కనే ఉన్నాను. ఎందుకో అడక్కండి.

ఉప్పుకారం: …

గోదారోడు: పులిహోరలో పల్లీల బదులు శనగపప్పు ఎక్కువ వేసి, నువ్వుల నూనె లేకుండా సన్‌ఫ్లవర్‌తో పోపు పెట్టొచ్చు. ఉల్లి ఎలాగూ ఉండదు. అందరికీ ఒకటే డబ్బా.

విశ్రాంత_మాస్టారు: పల్లీ లేనిది పులిహోర కాదు.

నీలిమ_ఆస్టిన్: అత్తయ్యగారిని అడిగి చూస్తా. ఆవిడ చేత్తోనే చేయిస్తా.