లేహ్ వెళ్ళే ముందు హిమాలయన్‌కి మార్పులు చేయించాలా, కంపెనీ బండి చాలా?

కర్నూలు 450

అందరికీ నమస్తే. జూన్ ఆఖర్లో కర్నూలు నుంచి ఢిల్లీ, మనాలి మీదుగా లేహ్ పోయి, శ్రీనగర్ వైపు దిగి రావాలని ప్లాన్. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు, ట్యూబ్ ఉండే స్పోక్ చక్రాలది. ఒక్కడినే పోతున్నా. ఒక షాపులో లిస్టు రాసిచ్చారు: అల్యూమినియం పెట్టెలు మూడు, క్రాష్ గార్డు, ఫాగ్ లైట్లు, గుబ్బల టైర్లు, కొత్త సైలెన్సర్. మొత్తం లక్ష దాటుతోంది. ఫ్రెండ్స్‌లో సగం మంది చేయించకపోతే దారిలో ఏడుస్తావంటున్నారు, మిగతావాళ్ళు ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకోమంటున్నారు. మీరేమంటారు?

గండికోట రైడర్

పెట్రోలు పార్టీకే నా ఓటు. బండి బరువే 196 కేజీలు. మూడు పెట్టెలు, వాటి ఫ్రేములు, గార్డు కలిస్తే ఒక్క చొక్కా పెట్టకముందే ఇరవై కేజీలు ఎక్కుతాయి. వాగు దాటుతూ బండి పడితే లేపాల్సింది నువ్వొక్కడివే. షాపువాడు రాడు.

దారి సంగతి చూడు. మన ఊళ్ళ మీదుగా పోయే 44వ నంబరు హైవేనే అటు శ్రీనగర్ దాకా పోతుంది. ఢిల్లీకి సుమారు 1,800 కి.మీ., అంతా నున్నటి రోడ్డే. ఆ ఎండకు, ఆ స్పీడుకు గుబ్బల టైర్లు లేహ్ చేరేలోపే అరిగిపోతాయి, వానలో బ్రేకు పట్టవు. మనాలి దాటాక 2020లో తెరిచిన అటల్ టన్నెల్ ఉంది, రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పనే లేదు. టన్నెల్ దాటాక వచ్చే తాండి ఊరి పెట్రోలు బంకు దగ్గర తరువాతి బంకు 365 కి.మీ. అని రాసిన బోర్డు ముందు ఏళ్ళ తరబడి రైడర్లు ఫొటోలు దిగారు. నీ ట్యాంకు 17 లీటర్లు, లెక్క వేసుకో. ఇక సైలెన్సర్ అంటావా, ఆ దారి కనుమల ఎత్తుకు పోయేసరికి గాలి దాదాపు సగం అయిపోతుంది, ఏ సైలెన్సరూ దాన్ని తెచ్చివ్వదు.

అనంత మెకానిక్

గండికోట అన్న చెప్పిందాంట్లో సైలెన్సర్, టైర్ల మాట ఒప్పుకుంటా. కానీ అన్నీ దండగ అంటే మాత్రం కుదరదు. రెండు వేలు ఖర్చుపెట్టి ఆపగలిగే దెబ్బకు ఇరవై వేలు పోసినవాళ్ళు మా షాపుకు వస్తుంటారు. బండికి ప్రాణం ఎక్కడుందో అక్కడ కాపలా పెట్టాలి: రేడియేటర్ ముందు వల లాంటి జాలి, ఇంజన్ కింద రాళ్ళు తగలకుండా గట్టి బాష్ ప్లేటు, లోపల ఇనుప రాడ్డు ఉన్న హ్యాండ్ గార్డులు. బండి నిలబడి ఉండగా పక్కకు ఒరిగినా క్లచ్ లివర్ విరుగుతుంది. స్పేర్ లివర్లు రెండూ సీటు కింద కట్టుకో.

లైట్లు వేయిస్తే రిలే, ఫ్యూజు ఉన్న విడి వైర్ల సెట్టు (హార్నెస్)తోనే. కంపెనీ వైరు కోసి ముడి వేసేవాడి దగ్గరికి పోవద్దు. ఆ ముడిలో తడి చేరితే ఎక్కడ ఆగుతుందో బండికే తెలియదు, వారంటీ కూడా పేచీ.

ఇంకోటి, పంక్చర్. కిట్టు కొని మూట విప్పకుండా పోయేవాళ్ళే ఎక్కువ. ముందు ఇక్కడ నేర్చుకో. మన కంపచెట్ల ముల్లు టైరులోనే విరిగి, మొన మాత్రం లోపలికి పొడుచుకుని ఉంటుంది. కంటికి కనబడదు. చూసుకోకుండా కొత్త ట్యూబు వేస్తే గాలి కొట్టగానే మళ్ళీ తుస్సు. టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పు, ముల్లు ఉన్నచోట దారం పట్టుకుంటుంది. 21 అంగుళాల ముందు ట్యూబు ఒకటి తీసుకుపో, తప్పనిసరైతే వెనక 17 చక్రంలోనూ సర్దుకుని దగ్గరి ఊరు చేరుస్తుంది. బడ్జెట్ ఉంటే ఆ పెట్టెల డబ్బు ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలకు పెట్టు.

ఆర్‌సీ బుక్

సైలెన్సర్ జోలికి పోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో రూల్స్ ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఇన్ని రాష్ట్రాలు దాటేటప్పుడు ఆ టెన్షన్ ఎందుకు?

నల్లరేగడి

పెట్టెలు వద్దనేవాళ్ళు ఢాబా దగ్గర బండి వదిలి స్నానానికి పోయినట్టు లేరు. గుడ్డ సంచిని బ్లేడుతో ఒక్క గీత గీస్తే చాలు. పెట్టెకు తాళం ఉంటుంది, వానకు తడవదు.

ఇంకో మాట, ఎవరూ చెప్పలేదు. కోయిలకుంట్ల వైపు వాన పడ్డాక చేను దారిలోకి ఒకసారి దిగి చూడు. టైరును ఆనుకుని ఉండే కింది మడ్‌గార్డులో రేగడి గట్టిగా ఇరుక్కుని చక్రం తిరగనే తిరగదు. కట్టె పుల్లతో పొడిచి తీయాలి. పది అడుగులు పోతే మళ్ళీ అదే కథ. దాన్ని పైకి జరిపే కిట్లు తక్కువకే దొరుకుతాయి.

గండికోట రైడర్

లేహ్‌లో రేగడి ఎక్కడిది తమ్ముడూ! మడ్‌గార్డు కిట్టు మనూళ్ళో తిరగడానికి పెట్టించుకో, బాగుంటుంది. పెట్టెల విషయంలో మాత్రం నా మాట మారదు. రాళ్ళలో కాలు దించినప్పుడు బండి ఇంకా ముందుకు పోతూనే ఉంటుంది, వెనక నుంచి పెట్టె వచ్చి పిక్క మీద పడుతుంది. బట్టలు పోతే కొనుక్కోవచ్చు, కాలు విరిగితే ట్రిప్పు అక్కడికి సరి. డబ్బు, కాగితాలు ఒంటి మీద పెట్టుకో, సంచిలో వాసన కొట్టే బట్టలుంటే ఎవడు కోస్తాడు?

నల్లరేగడి

కెమెరా, ల్యాప్‌టాప్ కూడా ఒంటి మీదేనా అన్నా?

కర్నూలు 450

సరే, సైలెన్సర్, టైర్లు కొట్టేశా. జాలి, బాష్ ప్లేటు, హ్యాండ్ గార్డులు ఖాయం. పెట్టెలకు బదులు సంచులే, కెమెరా మాత్రం తాళం ఉన్న చిన్న టాప్ బాక్సులో. నల్లరేగడి అన్న తిట్టుకోవద్దు. సామాను ఇరవై కేజీల దాకా ఉంటుంది. సస్పెన్షన్ మార్చాలా?

అనంత మెకానిక్

మార్చే ముందు బిగించి చూడు. డబ్బు పడదు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండి ఎత్తి, చక్రం ఇరుసు నుంచి పైన సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలువు. తరువాత సామానంతా కట్టి, జాకెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చో, ఇంకొకరితో మళ్ళీ కొలిపించు. వెనక సస్పెన్షన్‌కు 200 మి.మీ. ఆట ఉన్న బండి ఇది, తేడా అందులో మూడో వంతు లోపు, 60, 65 మి.మీ. ఉండాలి. అంతకన్నా దిగితే సీ ఆకారం స్పానర్‌తో ప్రీలోడ్, అంటే స్ప్రింగు ముందస్తు బిగువు, బిగించు. చివరిదాకా బిగించినా దిగుతూనే ఉంటే అప్పుడు గట్టి స్ప్రింగు గురించి మాట్లాడదాం. టాప్ బాక్సులో మాత్రం బరువైనవి పెట్టవద్దు, గతుకుల్లో సబ్‌ఫ్రేము, అంటే సీటు కింద వెనక ఫ్రేము, వెల్డింగు దగ్గర పగిలేది దానివల్లే.