ఇరుక్కుపోయిన స్టీలు గిన్నెలను సొట్ట పడకుండా విడదీయడం ఎలా?

ప్రశ్న:
మొన్న మా ఇంట వ్రతం జరిగినప్పుడు, సాయం చేద్దామని వచ్చిన బంధువులు గిన్నెలన్నీ వేడినీళ్ళతో తోమి, తడి ఆరకముందే ఒకదానిలో ఒకటి పేర్చేశారు. వాటిలో రెండు స్టీలు గిన్నెలు ఎంత లాగినా ఊడిరాకుండా బిగుసుకుపోయాయి. లోపలిది మా అమ్మ నా పెళ్ళికి పెట్టిన గిన్నె. అంచు కింద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. పొయ్యి మీద వేడి చేసినా లాభం లేకపోయింది. సుత్తితో ఒక్కటి వేస్తే వస్తుందని మావారు అంటున్నారు గాని, నాకు భయంగా ఉంది.

సమాధానం 1:
సుత్తి జోలికి వెళ్ళకండి. పొయ్యి మీద రెండూ కలిసి వేడెక్కి, రెండూ సమానంగా వ్యాకోచిస్తాయి కనుక బిగువు సడలదు. బయటిది ఒక్కటే వేడెక్కి, లోపలిది చల్లగా ఉండాలి. లోపలి గిన్నెలో ఐసు ముక్కలు, చన్నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచి, ఆ తరువాత బయటి గిన్నెను, బిగుసుకున్న చోటు మునిగేంత వరకు, బాగా కాగిన నీళ్ళ బేసినులో దించండి. స్టీలు ఒక్కొక్క డిగ్రీకి లక్షలో సుమారు 1.7 వంతు పెరుగుతుంది. 15 సెంటీమీటర్ల గిన్నెకు 50 డిగ్రీల తేడా దొరికితే 0.13 మిల్లీమీటర్ల సందు వస్తుంది, అది చాలు. అయితే ఆ వేడి లోపలికి పాకేలోగానే, అంటే అర నిమిషంలోపే, గుడ్డతో పట్టుకుని మెలితిప్పాలి; నిటారుగా లాగకూడదు.

సమాధానం 2:
దానికి ముందు రాత్రి అంచు సందులో నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి ఉంచండి. వేడి మీద పేర్చిన గిన్నెల మధ్య చిక్కిన గాలి చల్లారి కుంచించుకుపోవడం వల్ల కూడా అవి పీల్చుకున్నట్టు అతుక్కుంటాయి, పైగా తడి ఆ సందును మూసేస్తుంది. చెక్క గరిటెతో బయటి అంచు చుట్టూ మెల్లగా తడుతూ ఉంటే నూనె లోపలికి దిగుతుంది. ఇక బయటిది అల్యూమినియమై లోపలిది స్టీలైతే మాత్రం రెండింటినీ కలిపి వేడి చేసినా వస్తాయి, ఎందుకంటే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది.

సమాధానం 3:
గాజు గ్లాసులకు ఈ పద్ధతి పాటించేవారు కాగిన నీళ్ళు వాడరాదు, పగులుతాయి. గోరువెచ్చని నీళ్ళే వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. మొదటిసారి బేసినులో నీళ్ళు తక్కువై బిగుసుకున్న చోటికి అందలేదు. రెండోసారి పెద్ద డేకిసా తీసుకున్నాను, మెలి తిప్పగానే టక్కుమని ఊడింది. అమ్మ పేరులో ఒక్క చుక్క కూడా చెదరలేదు. సుత్తి మావారి పెట్టెలోనే ఉంది.